రెండు వీఎంల చిన్న సర్వర్‌కి ఏ బ్యాకప్ లైసెన్సు? ముగ్గురు డీలర్లు మూడు లెక్కలు చెబుతున్నారు

కాటా గుమస్తా (గుంటూరు)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాను. పద్నాలుగేళ్ల కిందట కాటా దగ్గర గుమస్తాగా చేరాను. ఒకరోజు బిల్లింగ్ కంప్యూటర్ ఆగిపోతే వైరు ఊడిందని కనిపెట్టి మళ్లీ పెట్టాను. అంతే, ఆ రోజు నుంచి ఆఫీసులో కరెంటుతో నడిచేదంతా నా నెత్తినే పడింది, టీ మెషీన్‌తో సహా. సర్టిఫికెట్లేమీ లేవు, చూసి చూసి నేర్చుకున్నదే.

మా దగ్గర ఉన్నది ఒకే టవర్ సర్వర్. ఒక ప్రాసెసర్, ఎనిమిది కోర్లు, 64 జీబీ ర్యామ్. విండోస్ సర్వర్ 2019 స్టాండర్డ్, దాని మీద హైపర్-వి (ఒకే సర్వర్లో విడివిడి కంప్యూటర్లు నడిపించేది), అందులో రెండు వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు. మొదటిదాంట్లో స్టాకు సాఫ్ట్‌వేర్. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ చాంబర్లో, ఏ అంతస్తులో, లాట్ నంబర్ ఎంత, ఏ బాండు మీద ఏ బ్యాంకు లోను ఇచ్చింది, అన్నీ దాంట్లోనే. డేటాబేస్ ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్. రెండో వీఎంలో ట్యాలీ, ఆఫీసు ఫైళ్లు. రెండూ కలిపి 400 జీబీ లోపే. ఇవి కాక ఏడు పీసీలు.

ఇప్పుడు అసలు కథ. మార్చి రెండో వారం, సరుకు వచ్చే సీజను, గేటు బయట లారీల వరస. రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపే యూపీఎస్ చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక సర్వర్ లేచింది గానీ స్టాకు సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. చూస్తే డేటాబేస్ పక్కన 'సస్పెక్ట్' అని ఉంది, అంటే పాడైందేమోనని అనుమానం.

నాకు అప్పటికి టెన్షన్ లేదు. రోజూ రాత్రి పదకొండింటికి బ్యాకప్ నడుస్తుంది కదా అని ధైర్యం. యూఎస్‌బీ డిస్కు తెరిచాను. స్టాకు డేటా ఫైల్ పక్కన తేదీ జనవరి 19. ట్యాలీ ఫోల్డర్ మీదా జనవరి 19. కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలీదు.

తర్వాత తెలిసింది. ఎప్పుడో ఒకాయన రాసిచ్చిన బ్యాచ్ ఫైల్ మాది. ముందు ఎస్‌క్యూఎల్ సర్వీసు ఆపుతుంది, విండోస్‌లోని రోబోకాపీ అనే కాపీ కమాండుతో ఫైళ్లు లాగుతుంది, సర్వీసు మళ్లీ మొదలెడుతుంది, ఆ తర్వాత ట్యాలీ ఫోల్డర్ లాగుతుంది. జనవరి 20న స్టాకు సాఫ్ట్‌వేర్ వాళ్లు అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఆ సర్వీసు పేరు మారింది. దాంతో ఆపే లైను పనిచెయ్యలేదు. ఫైల్ వాడకంలో ఉంది కాబట్టి కాపీ కాలేదు. రోబోకాపీకి మనం ఏమీ చెప్పకపోతే ముప్పై సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుందట, అలా పది లక్షల సార్లు! లెక్కేశాను, 347 రోజులు. మూడు రోజులకోసారి విండోస్‌లో టైముకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలరే దాన్ని ఆపేది, మళ్లీ రాత్రి పదకొండింటికి మొదలయ్యేది. నేను రోజూ పొద్దున తెరిచి చూస్తే 'రన్నింగ్' అని ఉండేది. పాపం కష్టపడుతోంది అనుకునేవాణ్ణి. ట్యాలీ లైను దాకా అది ఎప్పుడూ రానేలేదు.

సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎనీడెస్క్‌లో దూరం నుంచే తెల్లవారుజాము మూడింటిదాకా కూర్చుని డేటాబేస్ రిపేర్ చేశాడు. ఆ రోజు సాయంత్రం ఎంట్రీలు మాత్రం పోయాయి, 214 టిక్కీలవి. కాటా చీటీలు కాగితం మీద ఉన్నాయి కాబట్టి మళ్లీ కొట్టుకున్నాం.

ఇప్పుడు ఓనరు గారు 'మంచి సాఫ్ట్‌వేర్ కొను, డబ్బు సంగతి తర్వాత' అన్నారు. ముగ్గుర్ని అడిగాను. ఒకాయన సాకెట్‌కి ఇంత అన్నాడు, మీకు ఒక సాకెట్ చాలు అన్నాడు. రెండో ఆయన వర్క్‌లోడ్‌కి ఇంత, కనీసం ఐదు కొనాలి అన్నాడు. మాకున్నవి రెండే కదండీ అంటే రూల్ అంతే అన్నాడు. మూడేళ్లకు కలిపి లక్షకు కాస్త పైనే అయింది. మూడో ఆయన టీబీకి ఇంత అన్నాడు, క్లౌడ్‌తో కలిపి. కొటేషన్ చూడగానే ఓనరు గారికి డబ్బు సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

ముగ్గురిలో ఎవరు నిజం చెబుతున్నారు? మాలాంటి చిన్న సెటప్‌కి ఏది సరిపోతుంది? ఉచితంగా దొరికేవి ఆఫీసులో వాడొచ్చా? దయచేసి కాస్త విడమరిచి చెప్పండి.

---

సీతమ్మధార ఐటీ (విశాఖపట్నం)

ముందే చెప్పేస్తున్నా, నేను కూడా లైసెన్సులు అమ్మేవాణ్ణే. నా మాట ఆ లెక్కలోనే తీసుకోండి.

ముగ్గురూ నిజమే చెప్పారు తమ్ముడూ. ముగ్గురూ మూడు వేరు సరుకుల ధర చెప్పారు. మీ భాషలోనే చెబుతా. సాకెట్ లైసెన్సు అంటే చాంబర్ మొత్తం అద్దెకి తీసుకోవడం. లోపల పది టిక్కీలు పెట్టినా పదివేలు పెట్టినా అద్దె ఒకటే. సర్వర్లో ఎన్ని ప్రాసెసర్లు ఉంటే అన్ని సాకెట్లు, వీఎంలు ఎన్నైనా సరే. వర్క్‌లోడ్ లైసెన్సు అంటే టిక్కీకి ఇంత. ఒక్కో వీఎంకి ఒక్కటి లెక్క. టీబీ లైసెన్సు అంటే కాటా వేసి బరువుకి ఇంత.

ఆ బరువు దగ్గరే ఒక మెలిక ఉంది. కొందరు మీ సర్వర్లో ఉన్న అసలు డేటాని తూస్తారు, ఫ్రంట్ ఎండ్ అంటారు. కొందరు బ్యాకప్ డిస్కులో ఆక్రమించిన చోటుని తూస్తారు, అది బ్యాక్ ఎండ్. మొదటి పద్ధతిలో మీ 400 జీబీ ఎప్పుడూ 400 జీబీయే. రెండో పద్ధతిలో పాత కాపీలు ఎన్ని ఉంచుకుంటే బిల్లు అంత పెరుగుతుంది. మూడో ఆయన్ని ఈ ఒక్క మాట అడిగి చూడండి, తడుముకుంటే వదిలెయ్యండి.

మరి ఐదు ఎందుకు కొనాలి? రెండో ఆయన చెప్పింది వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ గురించే అని నా ఊహ. వాళ్ల చిన్న సంస్థల ప్యాకేజీ ఐదేసి చొప్పున వస్తుంది, యాభై దాకా కొనొచ్చు. అంతకు తక్కువ దొరకదు. ఆయనేం మోసం చెయ్యలేదు. కానీ ఒక విషయం చెప్పలేదు. అదే సాఫ్ట్‌వేర్‌కి కమ్యూనిటీ ఎడిషన్ అని ఉంది. పది వర్క్‌లోడ్‌ల దాకా ఉచితం, కాలపరిమితి లేదు. మీకున్నవి రెండు వీఎంలు. సొంత ఆఫీసు పనికి వాడుకోవచ్చు. పక్క కోల్డ్ స్టోరేజీకి బ్యాకప్ సర్వీసు పెట్టి డబ్బు తీసుకుంటే మాత్రం అది వేరే కథ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే ఒప్పందం ఒకసారి చదవండి, అందరిలా కిందికి లాగి ఓకే కొట్టకండి. ఉచితం అన్నప్పుడు చూడాల్సింది అదే. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉచితం అంటే ఇంట్లో వాడుకోవడానికి మాత్రమే.

ఉచిత దాంట్లో లేనిది ఏంటంటే, అర్ధరాత్రి ఫోన్ చేస్తే పలికే సపోర్టు. మీరు కొనేది నిజానికి ఆ ఫోన్ నంబరే. సీజన్లో ఒక రాత్రి ఆగితే మీకు ఎంత నష్టమో మీ ఓనరు గారికే తెలుసు, ఆ లెక్క ఆయన్ని వేసుకోమనండి.

ఏ లైసెన్సు కొన్నా అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది, దాదాపు ఎవరూ అడగరు. గడువు తీరిన మర్నాడు పాత బ్యాకప్ నుంచి డేటా తీసుకోగలనా? వీమ్‌లో గడువు అయిపోతే కొత్త బ్యాకప్‌లు ఆగిపోతాయి, ఉన్నవాటి నుంచి రీస్టోర్ చేసుకోవచ్చు. అన్ని కంపెనీలూ అంతే అనుకోవద్దు. క్లౌడ్‌తో కలిపి అమ్మేవాళ్ల దగ్గర చందా ఆపేశాక డేటా ఎన్నాళ్లు ఉంచుతారో కాగితం మీద రాయించుకోండి. శాశ్వత లైసెన్సు అన్నా కూడా కొత్త వెర్షన్లు రావాలంటే ఏటా మెయింటెనెన్స్ కట్టాలి. అది మొదటి ఏడాదికి కలిపి చూపించి, రెండో ఏడాది విడిగా బిల్లు పంపుతారు. నేనూ అలాగే పంపుతాను.

ఇంకొక్కటి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ని ఆ సర్వర్లోనే మూడో వీఎంగా పెట్టకండి. విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఒక్క లైసెన్సుతో రెండు విండోస్ వీఎంలే నడపాలి, మూడోదానికి మళ్లీ లైసెన్సు కొనాలి. పైగా ఆ సర్వర్ పోతే బ్యాకప్ కూడా దాంతోపాటే పోతుంది. ఏడు పీసీల్లో ఒకటి విండోస్ 11 ప్రో ఉంటే చాలు, దాంట్లో వెయ్యండి.

మీది హైపర్-వి కాబట్టి సరిపోయింది. దాని బదులు వీఎంలు నడపడానికి వీఎంవేర్ వాళ్ల ఉచిత ఈఎస్ఎక్స్ఐ వాడుతుంటే ఈ చర్చే ఉండేది కాదు. దాని ఉచిత లైసెన్సులో బ్యాకప్ సాఫ్ట్‌వేర్లకి కావాల్సిన తలుపు మూసేసి ఉంటుంది.

---

పెంగ్విన్ పిచ్చోడు (బెంగళూరు, సొంతూరు తెనాలి)

గుంటూరు బ్రదర్‌కి నమస్తే. సాకెట్లు, టిక్కీలు, కాటాలు... ఈ గోలంతా ఎందుకు? ప్రాక్స్‌మాక్స్ పెట్టుకోండి, హైపర్-వి లాగే వీఎంలు నడిపేది. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ 2020 నవంబర్ నుంచి ఉంది, సోర్స్ కోడ్ ఓపెన్. లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు, వీఎంలు రెండైనా రెండు వందలైనా. లాగిన్ అయినప్పుడల్లా సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక బాక్స్ వస్తుంది, ఓకే నొక్కితే పోతుంది. ఒకే రకం డేటా పదిసార్లు ఉంటే ఒక్కసారే దాచుకుంటుంది, కాబట్టి మీ 400 జీబీకి నెల రోజుల కాపీలు ఉంచుకున్నా డిస్కు పెద్దగా నిండదు. తీసిన బ్యాకప్ పాడవలేదని వారానికోసారి దానంతట అదే సరిచూసుకునేలా పెట్టొచ్చు. మీ రోబోకాపీ చెయ్యనిది అదే.

నేను ఇంట్లో మా నాన్నగారి ఎరువుల కొట్టు బిల్లింగ్ దీని మీదే నడిపిస్తున్నా. నాలుగేళ్లయింది.

---

సీతమ్మధార ఐటీ (విశాఖపట్నం)

@పెంగ్విన్ పిచ్చోడు, సరుకు మంచిదే, నేను కాదనను. కానీ అది ప్రాక్స్‌మాక్స్ మీద నడిచే వీఎంలకి. ఆయనది హైపర్-వి. విండోస్‌కి వాళ్లది అధికారికంగా బ్యాకప్ క్లయింటే లేదు. అంటే సర్వర్ మొత్తం మార్చాలి. సీజన్ మధ్యలో కాటా దగ్గర లారీలు ఆపి సర్వర్ మార్చమంటావా? మార్చినా లోపల విండోస్ వీఎంలకి విండోస్ లైసెన్సు ఎలాగూ ఉండాల్సిందే.

---

పెంగ్విన్ పిచ్చోడు (బెంగళూరు, సొంతూరు తెనాలి)

సరే అన్నా, ఆ పాయింటు ఒప్పుకుంటున్నా. ఆగస్టులో మార్చుకోండి మరి 🙂

---

డెబిట్ క్రెడిట్ (విజయవాడ)

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. సర్వర్ల గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ ఆడిట్‌కి వెళ్లినప్పుడు నేను అడిగేది ఒకటుంది, దాన్ని ఎవరూ ఇక్కడ ఎత్తలేదు.

మీ కోల్డ్ స్టోరేజీ ప్రైవేట్ లిమిటెడా? అయితే బ్యాకప్ మీ ఇష్టం కాదండీ. కంపెనీల అకౌంట్స్ రూల్స్, 2014లో రూల్ 3(5) అని ఉంది. పద్దులు కంప్యూటర్లో ఉంచుకునే కంపెనీ వాటి బ్యాకప్‌ని భారతదేశంలోనే ఉన్న సర్వర్లో ఉంచాలి. మొదట్లో 'ఎప్పటికప్పుడు' అన్నట్టు ఉండేది, 2022 ఆగస్టు సవరణతో 'రోజూ' అని మారింది. జనవరి 19 నుంచి మార్చి దాకా మీ ట్యాలీకి బ్యాకప్ లేదన్నారు చూడండి, ఆ లైను చదివి నాకు ఒళ్లు జలదరించింది. అది మా ఆడిట్ రిపోర్టులో రాయాల్సిన విషయం.

కాబట్టి క్లౌడ్ వాళ్లని ధర కంటే ముందు అడగాల్సింది, డేటా ఏ ఊళ్లో ఉంటుంది అని. అమెరికాలో చవగ్గా వస్తుంది, సింగపూర్లో ఇంకో రేటు అంటే కుదరదు. ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉండాలి. అమెజాన్ క్లౌడ్‌కి 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో కూడా కేంద్రం ఉంది. అలాంటివి ఎంచుకునే వీలు ఆ ప్యాకేజీలో ఉందో లేదో చూసుకోండి.

ఎన్నేళ్లు ఉంచాలి అంటే, కంపెనీ చట్టం ప్రకారం పద్దులు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు. జీఎస్టీ వాళ్లకి వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. అంటే ముప్పై రోజుల కాపీలు తిప్పుకుంటూ పాతవి చెరిపేసే పద్ధతి ఒక్కటే ఉంటే చాలదు. మార్చి 31 కాపీ ఏటా విడిగా తీసి పక్కన పెట్టండి. పైన విశాఖ ఆయన చెప్పిన బ్యాక్ ఎండ్ తూకం ఇక్కడ మీకు బరువవుతుంది.

జీఎస్టీ గురించి చిన్న మాట. సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం ఉంటుంది. మీ అద్దె ఆదాయం మినహాయింపు కింద చూపిస్తుంటే ఆ మేరకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. డీలరు 'ప్లస్ జీఎస్టీ, అది మీకు ఎలాగూ తిరిగొస్తుంది కదా' అంటే మీ విషయంలో అది నిజం కాకపోవచ్చు. మీ ఆడిటర్ని అడగండి.

---

కాటా గుమస్తా (గుంటూరు)

మేడమ్, మాది ప్రైవేట్ లిమిటెడే. మీరు రాసింది ప్రింటు తీసి ఓనరు గారి బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, 'ఇది మన ఆడిటర్ ఎప్పుడూ చెప్పలేదేంటి' అన్నారు. ఏం చెప్పాలో తెలీక టీ తెప్పిస్తానని బయటికొచ్చేశా.

విశాఖ అన్నా, చాంబర్ లెక్క బాగా ఎక్కింది. మావాళ్లకి కూడా అలాగే చెప్పాను, హమాలీ మేస్త్రీకి కూడా అర్థమైంది. ఒక డౌటు. సాకెట్ లెక్కలో కొంటే రేపు ఇంకో సర్వర్ కొన్నప్పుడు? అదీగాక ఇక్కడ ఒక కంప్యూటర్ షాపు కుర్రాడు, 'అన్నీ ఎందుకన్నా, నా దగ్గర ఫుల్ వెర్షన్ ఉంది, వెయ్యి రూపాయలిస్తే వేసి పోతా' అంటున్నాడు. వేయించుకోను గానీ, ఓనరు గారి బావమరిది ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు.

---

ఓరుగల్లు అడ్మిన్ (హనుమకొండ)

ఆ వెయ్యి రూపాయల మాట చూసి లాగిన్ అయిన అన్నా, లేకపోతే రాసేవాణ్ణి కాదు.

నేను ఒక కాలేజీలో ల్యాబ్, ఆఫీసు సర్వర్లు చూస్తా. నాకంటే ముందున్నాయన ఇట్లనే ఒక పేరున్న బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ వేయించిండు. రెండేళ్లు బాగానే నడిచింది. క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్‌ల ఆ ఫోల్డర్ని వదిలెయ్యమని పెట్టాలె, అట్లనే పెట్టిన్రు. నేను చేరిన మూడో నెలల ఒక సోమవారం పొద్దున ఫీజుల సర్వర్ తెరిస్తే ప్రతి ఫైల్ పేరు చివర ఏదో కొత్త తోక. డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైల్, బిట్‌కాయిన్ పంపమని. క్రాక్ నుంచే వచ్చిందా, ఇంకేడికెల్లి వచ్చిందా అన్నది ఇప్పటికీ తేలలేదు. కానీ బ్యాకప్ డిస్కు ఆ సర్వర్‌కే ఇరవై నాలుగు గంటలు గుచ్చి ఉంది, దాంట్ల ఫైళ్లకి కూడా అదే తోక. అసలు కంపెనీకి ఫోన్ చేద్దామంటే మా దగ్గర సీరియల్ నంబరే లేదు కదా, ఏమని అడుగుతం?

ఫీజు రసీదు పుస్తకాలు అటెండర్ బీరువాల ఉంటే వాటితోటి నెలన్నర కూసున్నం.

మేమిప్పుడు సైనాలజీ నాస్ పెట్టుకున్నం, అంటే నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల డబ్బా. దాంతోపాటు వచ్చే యాక్టివ్ బ్యాకప్ ఫర్ బిజినెస్‌కి వేరే లైసెన్సు డబ్బు లేదు. వాళ్లు ఒప్పుకున్న మోడళ్లలోనే నడుస్తుంది, కొనేముందు లిస్టు చూసుకోవాలె. హైపర్-వి వీఎంలు, విండోస్ పీసీలు, సర్వర్లు అన్నీ తీసుకుంటది, ఇన్నే అని లెక్క లేదు. లైసెన్సు ఖర్చు ఆ డబ్బా ధరలోనే కలిపి ఉన్నట్టు. మాకు నలభై పీసీలున్నయి కాబట్టి కలిసొచ్చింది. మీకు రెండు వీఎంలకి అంత పెట్టాల్నా అన్నది మీరే చూసుకోన్రి.

ఏది వాడినా ఒక డిస్కు మాత్రం తీసి బయట పెట్టన్న. మేం రెండు డిస్కులు మారుస్తం. ఒకటి గుచ్చి ఉంటే ఇంకోటి ప్రిన్సిపల్ సార్ ఇంట్ల, చీరల బీరువాల. సార్ వాళ్లావిడ మొదట ఒప్పుకోలే.

---

సీతమ్మధార ఐటీ (విశాఖపట్నం)

సాకెట్ డౌటుకి. ఇంకో సర్వర్ కొంటే దాని ప్రాసెసర్‌కి ఇంకో సాకెట్ కొనాలి, రెండు ప్రాసెసర్లదైతే రెండు. వర్క్‌లోడ్ లైసెన్సు అయితే సర్వర్ మారినా వీఎంల లెక్కే కాబట్టి దాంతోపాటే వస్తుంది. ఒకటే సర్వర్లో చాలా వీఎంలు ఉంటే సాకెట్ చవక. కొద్ది వీఎంలు, రేపు ఎటు పోతామో తెలీనప్పుడు వర్క్‌లోడ్ మేలు. మీకు రెండూ అక్కర్లేదు ఇప్పటికి. ఉచిత దాంతో మొదలుపెట్టండి, ఆ లక్షలో కొంత పెట్టి ముందు యూపీఎస్ బ్యాటరీలు మార్చండి. నేను అమ్మేవాణ్ణయ్యుండి ఇలా చెబుతున్నానంటే అర్థం చేసుకోండి.

ఇంకా ముఖ్యంగా, వీఎం బ్యాకప్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్‌లో టైము పెట్టి పని చేయించే ఏజెంట్ ఉండదు. అందుకని టాస్క్ షెడ్యూలర్ నుంచి ఎస్‌క్యూఎల్‌సీఎండీ అనే కమాండుతో రోజూ రాత్రి డేటాబేస్ బ్యాకప్ ఫైల్ విడిగా తీయించండి. సర్వీసు ఆపక్కర్లేదు, ఫైల్ పట్టుకుని లాగక్కర్లేదు. రోబోకాపీని వాడుతూనే ఉంటే ఆర్, డబ్ల్యూ స్విచ్‌లు పెట్టి రెండుసార్లకి మించి ప్రయత్నించకుండా చూడండి. అయ్యాక ఒకసారి రీస్టోర్ చేసి లాట్ నంబర్ వెతికి చూసి ఇక్కడ రాయండి. అది చూసేదాకా నాకు కూడా నిద్ర పట్టదు.

---

కాటా గుమస్తా (గుంటూరు)

మూడు వారాలు ఆలస్యమైంది, క్షమించండి. సీజన్ హడావుడి.

చేసింది ఇది. యూపీఎస్ బ్యాటరీలు మార్చాం. మూల గదిలో ఉన్న విండోస్ 11 ప్రో పీసీకి 4 టీబీ డిస్కు వేసి వీమ్ కమ్యూనిటీ ఎడిషన్ పెట్టాను. దానికి వేరే పాస్‌వర్డు, అది ఎవరికీ చెప్పలేదు. బావమరిది గారికి అసలే చెప్పలేదు. రోజూ రాత్రి పదకొండింటికి రెండు వీఎంలు, పదిన్నరకి ఎస్‌క్యూఎల్ బ్యాకప్ ఫైల్. అయిందో లేదో పొద్దున్నే నా ఫోన్‌కి మెయిల్ వస్తుంది. మెయిల్ రాకపోతే కాలేదని లెక్క. రెండు యూఎస్‌బీ డిస్కులు సోమ, గురువారాల్లో మార్చి ఒకటి ఓనరు గారింటికి పంపుతున్నాం. ట్యాలీ డేటా రోజువారీ కాపీ ముంబయిలో ఉన్న క్లౌడ్‌కి వెళ్తోంది, మేడమ్ చెప్పిన రూలు కోసం. లైసెన్సు ఖర్చు సున్నా. బ్యాటరీలు, డిస్కులు, క్లౌడ్ మాత్రమే.

మొన్న ఆదివారం రీస్టోర్ చేసి చూశాను. ఆ పీసీలోనే హైపర్-వి ఆన్ చేసి, నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, రెండు వీఎంలు లేపాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. స్టాకు సాఫ్ట్‌వేర్ తెరిచి శనివారం సాయంత్రం ఆఖరి లాట్ నంబర్ కొట్టాను. ఫిరంగిపురం రైతు, 86 టిక్కీలు, మూడో చాంబర్, రెండో అంతస్తు. పక్కనే కాటా చీటీ పెట్టుకుని చూశా, సరిపోయింది. ఒక్కణ్ణే కూర్చుని కాసేపు నవ్వుకున్నా.

తర్వాత ట్యాలీ తెరిచా. కంపెనీ వచ్చింది, లెడ్జర్లు వచ్చాయి, శనివారం ఎంట్రీలన్నీ ఉన్నాయి. ఒక కొత్త వోచర్ వేద్దామని 14వ తేదీ కొడితే తీసుకోదే! పైన చూస్తే 'ఎడ్యుకేషనల్ మోడ్'. ఒకటి, రెండు, ముప్పై ఒకటి తేదీల్లోనే ఎంట్రీలు వేసుకోనిస్తుందట. ఇన్నాళ్లూ బ్యాకప్ లైసెన్సు గురించి కొట్టుకున్నాం, ఇప్పుడు ఈ లైసెన్సు ఏంటన్నా?

---

సీతమ్మధార ఐటీ (విశాఖపట్నం)

భేష్ తమ్ముడూ. ట్యాలీ లైసెన్సు ఆ మెషీన్‌కి కట్టేసి ఉంటుంది. వేరే మెషీన్ మీద లేపావు, నెట్ కూడా తీసేశావు, అందుకే గుర్తుపట్టలేదు. డేటాకి ఏం కాలేదు. నిజంగా సర్వర్ పోయిన రోజున సీరియల్ నంబర్‌తో కొత్త మెషీన్ మీద మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. అన్‌లాక్ కీ మీ ట్యాలీ అకౌంట్ అడ్మిన్ మెయిల్‌కి వస్తుంది. ఆ మెయిల్ ఐడీ ఎవరిదో ఇవాళే చూసుకో.

---

కాటా గుమస్తా (గుంటూరు)

చూశానన్నా. 2019లో మానేసిన మా పాత అకౌంటెంట్ సొంత జీమెయిల్. ఇప్పుడు నరసరావుపేటలో సొంతంగా ఏదో షాపు పెట్టుకున్నాడట. ఫోన్ చేస్తే పాస్‌వర్డు మర్చిపోయానన్నాడు. ఆదివారం రమ్మన్నాడు, కూర్చుని చూద్దాం అన్నాడు. వెళ్తున్నా, నాలుగు కిలోల మిర్చి కూడా పట్టుకెళ్తున్నా.